తాడిపత్రిలో కొత్తగా బండల యూనిట్ పెట్టిన తమ్ముడికి: అసోసియేషన్‌లో చేరాలా వద్దా

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివినా. తాడిపత్రి కాడ రెండు కటింగ్ మెషీన్లు, ఒక పాలిష్ మెషీన్‌తో నాపరాళ్ళ యూనిట్ పెట్టి ఎనిమిది నెలలైంది, పనోళ్ళు 9 మంది, ఇప్పుడు మీ ఏరియా యూనిట్ యజమానుల సంఘం వాళ్ళు వచ్చి చేరమంటున్నారు, చేరేటప్పుడు 10,000, ఆ తర్వాత ఏడాదికి 3,000 చందా, మీ మామేమో అది టీలు తాగే సంఘం, డబ్బులు దండగ, పైగా నీ దగ్గర సరుకు కొనే పార్టీలను వాళ్ళే లాగేసుకుంటారు అంటున్నాడు, నిజంగా లాభం ఉందా అని కదా అడిగినావు.

చేరు. ఈ ఏడాదే చేరు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు. నేను ఇదే పనిలో 22 ఏళ్ళ నుంచి ఉన్నా, యూనిట్ నడుపుతూనే మా సంఘంలో రెండు దఫాలు కమిటీలో పనిచేసినా, కాబట్టి లోపల ఏం జరుగుతుందో బయట నుంచి చూసేవాళ్ళకి ఏం కనపడదో రెండూ తెలుసు.

నేను కూడా మొదటి నాలుగేళ్ళు చేరలేదు. మీ మామ చెప్పిన మాటే మా నాయన చెప్పినాడు. మన పని మనం చేసుకుంటే చాలు, పొద్దున లేచి మిషన్ ఆన్ చేస్తే రాయి కోసుకుంటది, సంఘం వచ్చి కోసిస్తదా అనేవాడు. ఆ నాలుగేళ్ళలో నాకు జరిగిన నష్టం ఒకటి చెప్తా. కొత్త యూనిట్ పెట్టినోళ్ళకి రాష్ట్ర ఇండస్ట్రియల్ పాలసీలో పెట్టుబడి రాయితీ ఉంటది, దాన్ని ప్రొడక్షన్ మొదలైన తేదీ నుంచి ఇంత గడువులోపల జిల్లా పరిశ్రమల కేంద్రంలో అప్లై చేసుకోవాల. నాకు ఆ సంగతే తెలీదు. తెలిసేసరికి గడువు దాటిపోయింది, ఆఫీసులో కూర్చున్నాయన ఫైలు కూడా తీసుకోలేదు, నిబంధన అంతే అన్నాడు, ఆయన తప్పేం లేదు. నాకంటే ఆరు నెలలు ముందు మొదలుపెట్టిన పక్క యూనిట్ ఆయనకి మాత్రం వచ్చింది, ఎందుకంటే ఆయన సంఘం మీటింగ్‌లో ఎవరో ఈ మాట చెప్తే విన్నాడు. అంతే తేడా. నువ్వు ఎనిమిది నెలలైంది అన్నావు కాబట్టి ముందు ఈ గడువు సంగతి రేపే కనుక్కో, మిగతాది తర్వాత చదువుకున్నా ఫర్వాలేదు.

ఇంక అసలు విషయానికి వస్తా. సంఘం అంటే చానామంది డిస్కౌంట్లు, డైరీలు, క్యాలెండర్లు అనుకుంటారు. రాయి కోసే బ్లేడ్లు అందరూ కలిపి కొంటే ధర తగ్గుతది, నిజమే, ఏడాదికి నీ చందా దాంట్లోనే వెనక్కి వస్తది కూడా. కానీ దానికోసం చేరమని నేను చెప్పను. ఒక్కడివి ఆఫీసుకు పోతే నువ్వు ఒక దరఖాస్తు, 200 యూనిట్ల తరఫున లెటర్‌హెడ్ మీద పోతే అది ఒక పరిశ్రమ మాట. ఈ తేడా మన నాపరాయి విషయంలోనే ఎట్ల పనిచేసిందో చూడు.

నీకు జీఎస్టీ ఎంత అని నీ ఆడిటర్ చెప్పి ఉంటాడు. నాపరాయికి 5 శాతమా 18 శాతమా అని కొన్నేళ్ళు మన దగ్గర పెద్ద గందరగోళం నడిచింది. లెక్క ఎక్కడ చిక్కుకుందంటే, జీఎస్టీ సరుకుల జాబితాలో 2515 నంబరు హెడ్డింగ్ కింద వచ్చే ఈ రకం సున్నపురాయికి 5 శాతమే, కానీ "అద్దంలా పాలిష్ చేసి వాడకానికి సిద్ధంగా ఉన్న రాయి" మాత్రం అందులోకి రాదు అని రూలు. మన బండకి పాలిష్ పెడతాం కదా, వాడకానికి సిద్ధంగానే ఉంటది కదా, అయితే 18 కట్టు అని కొందరు, అట్ల కాదు 5 చాలు అని కొందరు, ఒకే వీధిలో పక్కపక్క యూనిట్ల బిల్లుల్లో వేరే వేరే రేటు ఉండేది. లక్ష రూపాయల లోడుకి ఒకడు 5,000 వేస్తే ఇంకొకడు 18,000 వేయాల, ఇల్లు కట్టుకునే మనిషి యాడ కొంటాడు చెప్పు. అది పోటీయే కాదు.

అప్పుడు 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 179 నంబరు సర్క్యులర్ ఇచ్చింది. అందులో నాపరాయి గురించే విడిగా ఒక పేరా ఉంది, పేరు పెట్టి మరీ. ఈ రాయి పెళుసు, మిగతా రాళ్ళ మాదిరి గట్టిగా పాలిష్ తట్టుకోదు, పైపైన చేసే చిన్న పాలిష్‌ని అద్దం పాలిష్ అనడానికి లేదు, కాబట్టి 5 శాతమే అని తేల్చి చెప్పింది. ఆ పేరా ఎట్ల మొదలవుతుందో తెలుసా, ఈ రాయి మీద రేటు గురించి వివరణ కోరుతూ వినతులు అందాయి అని. నేను ఆ సర్క్యులర్ ప్రింట్ తీసి నా ఆఫీసు గోడకి అంటించుకున్నా. ఢిల్లీలో కూర్చున్న అధికారికి నాపరాళ్ళకి పేరున్న మన బేతంచెర్ల యాడుందో, నాపరాయి చేత్తో కొడితే ఎట్ల విరుగుతదో ఎట్ల తెలుస్తది? ఎవరో కూర్చుని రాయి స్వభావం ఏంది, మిషన్ మీద ఏం చేస్తాం, ఎన్ని యూనిట్లు, ఎంతమంది పనోళ్ళు అని పద్ధతిగా రాసి పంపితేనే తెలుస్తది. రోజూ లోడింగు, కరెంటు, పనోడు రాలేదు అనే గోలలో ఉండే నీలాంటోడు నాలాంటోడు ఒంటరిగా ఆ కాగితం రాయలేడు, రాసినా అది ఏ టేబుల్ మీద ఆగిపోయిందో కనుక్కునే దిక్కు ఉండదు. (ఒక మాట, గ్రానైట్‌కి, నిజంగా అద్దం పాలిష్ పెట్టే సరుకుకి ఈ సర్క్యులర్ వర్తించదు, నువ్వు ముందుముందు ఆ సరుకు కూడా పెట్టుకుంటే రేటు ఆడిటర్‌ని అడిగే బిల్లు వెయ్యి.)

ఇంక డబ్బులు రాబట్టుకోవడం. దీని గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన లైన్లో యూనిట్లు మూతపడేది రాయి అమ్ముడుపోక కాదు, అమ్మిన రాయికి డబ్బులు రాక.

2018లో బెంగళూరు బిల్డర్ ఒకాయనకి నాలుగు లోడ్లు పంపినా. మొత్తం 6,40,000. మొదటి లోడుకి కరెక్ట్‌గా ఇచ్చినాడు, తర్వాత ఇదిగో అదిగో. ఆరు నెలలైనాక ఫోన్ చేస్తే సరుకు రంగు తేడా ఉంది, సగం రేటే ఇస్తా అన్నాడు. రాత్రులు నిద్ర ఉండేది కాదు, బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్ అప్పు) లిమిట్ నిండిపోయింది, గని వాళ్ళకి ఇవ్వాల్సింది ఆగిపోయింది, పనోళ్ళకి వారం కూలి ఇవ్వడానికి ఇంట్లో బంగారం పెట్టినా. అప్పుడు మా సంఘం సెక్రటరీ పిలిచి, నువ్వు చిన్న పరిశ్రమవి కదప్పా, చట్టం నీ పక్కన ఉంది, చూసుకున్నావా అన్నాడు. నిజంగా నాకు అప్పటిదాకా తెలీదు.

2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ఏం చెప్తుందంటే, సూక్ష్మ, చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నోడు రాతపూర్వకంగా గడువు రాసుకుంటే ఆ గడువులోపల ఇవ్వాల, ఆ గడువు కూడా 45 రోజులు దాటకూడదు, ఏమీ రాసుకోకపోతే 15 రోజుల్లో ఇచ్చేయాల. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి 3 రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇంకా ముఖ్యమైంది, సరుకు చేరిన 15 రోజుల్లోపల రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఆ సరుకు ఒప్పుకున్నట్లే లెక్క. అంటే ఆరు నెలల తర్వాత రంగు తేడా అంటే చెల్లదు. ఈ ఒక్క ముక్క తెలియక మన వాళ్ళు ఎంతమంది సగం డబ్బులకి సెటిల్ చేసుకున్నారో, తలుచుకుంటే బాధేస్తది.

సమాధాన్ అనే పోర్టల్ 2017 నుంచి ఉంది, అందులో కంప్లైంట్ పెడితే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి పోతది. కొన్నోడు బెంగళూరులో ఉన్నా పుణేలో ఉన్నా అమ్మినోడు ఉన్న చోటి కౌన్సిలే విచారిస్తది, నువ్వు వాళ్ళ ఊరి కోర్టు చుట్టూ తిరగాల్సిన పని లేదు. కౌన్సిల్ ఆర్డర్ మీద వాడు కోర్టుకు పోవాలన్నా ముందు ఆ మొత్తంలో 75 శాతం డిపాజిట్ కట్టాల. మా సెక్రటరీ నా బిల్లులు, ఈ-వే బిల్లులు, లారీ రసీదులు, వాట్సాప్ మెసేజీలు అన్నీ వరస పెట్టించి కాగితాలు రాయించినాడు. చట్టంలో 90 రోజులు అని రాసి ఉంటది, వాస్తవంగా అంతకంటే ఎక్కువే పడతది, నాకు నోటీసు పోయిన తర్వాత ఏడు నెలలు పట్టింది, ఆ బిల్డర్ దిగొచ్చి అసలు మూడు కంతుల్లో కట్టినాడు, వడ్డీ నేను వదులుకున్నా. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడ గాజులు విడిపించినాక గానీ నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు ఇంకో ఆయుధం కూడా వచ్చింది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇన్‌కం ట్యాక్స్ చట్టంలో 43బీ సెక్షన్‌కి ఒక క్లాజు చేర్చినారు, చిన్న పరిశ్రమకి ఆ గడువులోపల డబ్బులు కట్టకుండా ఆ ఏడాది దాటిస్తే కొన్నోడికి ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలో రాదు, కట్టిన ఏడాదే వస్తది. అందుకే మార్చి నెలలో పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే నీ ఉద్యమ్ సర్టిఫికెట్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదైన కాగితం అడుగుతారు. అది లేకపోతే ఇవన్నీ లేనట్లే, కాబట్టి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సరుకు పంపక ముందే చేసుకుని ఉండాల, దానికి ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు, ఎవరన్నా 2,000, 3,000 అడిగితే ఇవ్వొద్దు. వేరే యూనిట్‌లో కొని అమ్మే వ్యాపారానికి మాత్రం ఈ బకాయి చట్టం అక్కరకు రాదు, నువ్వు తయారు చేసిన సరుకుకే.

ఇదంతా చట్టంలోనే ఉంది కదా, సంఘం ఎందుకు అంటావేమో. చట్టంలో 20 ఏళ్ళ నుంచి ఉంది తమ్ముడూ, నాకు చెప్పింది మాత్రం సంఘమే. ఇంకోటి, ఎవరు డబ్బులు ఎగ్గొడతారో మీటింగుల్లో నోటి మాటగా తెలుస్తది. కొత్త పార్టీ ఫోన్ చేసి పది లోడ్లు కావాలంటే నేను ముందు ఇద్దరు ముగ్గురు సభ్యులకి ఫోన్ చేసి కనుక్కుంటా, ఒక్క నిమిషం పని.

కరెంటు గురించి చెప్తా. మన ఖర్చులో రాయి, కూలి తర్వాత పెద్దది అదే. ఏటా నవంబర్ ఆఖరుకి డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) వచ్చే ఏడాదికి ఎంత కావాలో లెక్కలు విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి, దాని మీద ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు, ఏప్రిల్ 1 నుంచి కొత్త రేట్లు. ఆ మండలి ఆఫీసు 2023 నుంచి మన కర్నూలులోనే ఉంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటాం. రేట్ల మీద మండలి ఇచ్చే ఆర్డర్ పుస్తకం తీసి చూస్తే ఎవరు ఏం అడిగినారు, డిస్కం ఏం జవాబిచ్చింది, మండలి ఏమంది అని పేర్లతో సహా ఉంటది. ట్రూ అప్ చార్జీల (వెనకటి ఖర్చుల తేడా తర్వాత మన బిల్లులో వేసేవి) గురించి, ఫిక్స్‌డ్ డిమాండ్ చార్జీల గురించి, వానాకాలంలో నెల రోజులు గని ఆగిపోతే కూడా కట్టాల్సొచ్చే మినిమం గురించి ఒక మనిషి ఏడుస్తూ మాట్లాడితే ఎవరూ లెక్కచేయరు, 60 యూనిట్ల ఏడాది బిల్లులు టేబుల్ వేసి పట్టుకెళ్తే జవాబు చెప్పక తప్పదు. అడిగినవన్నీ వస్తాయని చెప్పను, చానాసార్లు రావు. కానీ అడగకపోతే మన తరఫున అడిగేవాడే లేడు, పెద్ద ఫ్యాక్టరీల వాళ్ళు వాళ్ళ హెచ్‌టీ (హై టెన్షన్ కనెక్షన్) సంగతి వాళ్ళు అడుగుతారు, మన చిన్న కనెక్షన్ల ఎల్‌టీ సంగతి వాళ్ళకెందుకు?

స్లర్రీ, అదే రాయి కోసినప్పుడు వచ్చే బురద. ఇది నువ్వు అడగలేదు కానీ నీకు రాబోయే పెద్ద తలనొప్పి ఇదే. నీ యూనిట్ వెనకాల తెల్ల బురద ఇప్పటికే కుప్ప పడి ఉంటది. ఎండితే దుమ్ము, వానొస్తే వంకలోకి, పక్క రైతు పొలంలోకి. రైతు కోపం న్యాయమైందే, పొలం మీద ఆ పొర పడితే నీళ్ళు ఇంకవు. ఇంత బురదని ఒక్కో యూనిట్ ఒక్కో చోట పోసుకుంటే పొల్యూషన్ బోర్డు నోటీసు ఒక్కో యూనిట్‌కీ వస్తది, యూనిట్ నడపడానికి బోర్డు ఇచ్చే కన్సెంటు (అనుమతి) రెన్యువల్ చేసేటప్పుడు ఇదే ఆగుతది. అదే అందరూ కలిసి ఒక స్థలం చూసుకుని, ట్రాక్టర్ పెట్టుకుని, ట్రిప్పుకి ఇంత అని పంచుకుంటే రెవెన్యూ వాళ్ళతో మాట్లాడొచ్చు, బోర్డుకి ఒక పద్ధతి చూపించొచ్చు. ఆ బురద అసలు ఏంది, సున్నపురాయి పొడే కదా. తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాళ్ళకి ముడిసరుకు సున్నపురాయే. తేమ ఎక్కువ ఉండటం, రవాణా ఖర్చు, రోజూ ఒకే రకంగా సరుకు అందకపోవడం, ఇవీ అడ్డంకులు. ఒక్క యూనిట్ ఇచ్చే రెండు ట్రాక్టర్ల కోసం ఏ ఫ్యాక్టరీ మాట్లాడదు, ఏరియా మొత్తం ఆరబెట్టి ఇస్తామంటే కనీసం శాంపిల్ టెస్ట్ చేయిస్తారు. మా సంఘంలో నేను ఉన్నప్పుడు దీనిమీదే ఎక్కువ తిరిగినా, ఇంకా పూర్తిగా తెగలేదు, మీ వయసు పిల్లోళ్ళు వచ్చి పట్టుకుంటే తెగుతుందని నా ఆశ. సంఘం నీకు ఏమిస్తది అని అడిగినావు కదా, నీలాంటోడు వస్తే మాకు ఈ పని జరుగుతది, అది కూడా రాసుకో.

బ్యాంకు, స్కీముల సంగతి తొందరగా చెప్పేస్తా, ఇవి జిల్లా పరిశ్రమల కేంద్రంలో కూడా చెప్తారు. తాకట్టు లేకుండా లోనుకి సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్ల దాకా పెంచినారు, నీకు అంత అవసరం లేదు కానీ మేనేజర్ ఆస్తి కాగితాలు తెమ్మంటే ఈ మాట అడుగు. జెడ్ అనే నాణ్యత సర్టిఫికెట్‌కి సూక్ష్మ యూనిట్‌కి ఫీజులో 80 శాతం కేంద్రమే భరిస్తది. వీటికి సంఘం అక్కర్లేదు, నువ్వు ఒక్కడివే చేసుకోవచ్చు. కానీ ఒక్కడివి చేసుకోలేనిది ఒకటి ఉంది, క్లస్టర్ స్కీము. ఖరీదైన మెషీన్లు, టెస్టింగ్ ల్యాబు, ఇట్లాంటివి పెట్టి అందరూ వాడుకునే కామన్ ఫెసిలిటీ సెంటర్‌కి కేంద్రం ఖర్చులో ఎక్కువ భాగం గ్రాంటు ఇస్తది, అయితే యూనిట్లన్నీ కలిసి ఒక సంస్థగా ఏర్పడి తమ వాటా పెట్టుకోవాల. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని చోట ఆ సంస్థే పుట్టదు. ఏళ్ళ తరబడి ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకున్న వాళ్ళకే అది సాధ్యం, అందుకే సంఘం గట్టిగా ఉన్న చోటే ఈ సెంటర్లు వస్తాయి.

మార్కెట్ సంగతికొస్తే, మన పోటీ పక్క యూనిట్ కాదు, ఈ ముక్క మీ మామకి కూడా చెప్పు. మన పోటీ గుజరాత్ మోర్బీ నుంచి వచ్చే టైల్స్. ఒకప్పుడు రాయలసీమలో ఇల్లు కడితే నేలకి బండలే, మిద్దె మీద బండలే, వంటగదిలో అరలు కూడా బండలే. ఇప్పుడు మన ఊర్లోనే బండల యూనిట్ యజమాని ఇంట్లో కూడా టైల్స్ వేస్తున్నాడు. మోర్బీ వాళ్ళు వందల యూనిట్లు ఒక మాట మీద ఉండి వాళ్ళ ఊరి పేరునే బ్రాండ్ చేసుకున్నారు. మనకేమో పేరు ముందే ఉంది, ముంబై, పుణే పోయి చూడు, వంటగదిలో నల్ల బండని వాళ్ళు "కడప్పా" అనే పిలుస్తారు, కొట్టువాడు కూడా ఆ పేరుతోనే అమ్ముతాడు, అది మన కడప అని చానామందికి తెలీదు. అంత పేరున్న రాయికి మనం ఒక మంచి కేటలాగు వేసుకోలేదు, వేసవిలో కాళ్ళకి చల్లగా ఉంటదని, ముప్పై ఏళ్ళైనా మళ్ళీ పాలిష్ పడితే కొత్తగా వస్తదని ఆర్కిటెక్టులకి చెప్పుకోలేదు. బెంగళూరులో స్టోనా అని రాళ్ళ ఎగ్జిబిషన్ జరుగుతది, అక్కడ స్టాల్ ఒక్క చిన్న యూనిట్ తీసుకోవాలంటే భారం, పది మంది కలిసి తీసుకుంటే ఒక్కొక్కరికి ఒక నెల డీజిల్ ఖర్చు. మేము ఒకసారి అట్ల పోయినాం, నాకు అక్కడ పరిచయమైన ఒక కోయంబత్తూరు ఆర్కిటెక్టు ఇప్పటికీ నా దగ్గర సరుకు తీసుకుంటాడు.

పనోళ్ళ గురించి ఒక ముక్క. నీకు 9 మంది ఉన్నారు. పదో మనిషిని పెట్టుకున్న రోజు ఈఎస్ఐ వర్తిస్తది, నెలకి 21,000 దాకా జీతం ఉన్నోళ్ళకి యజమాని 3.25 శాతం, పనోడు 0.75 శాతం. కొందరు దీన్ని తప్పించుకోవడానికి తొమ్మిది మందితోనే లాగుతారు, నువ్వు ఆ పని చేయొద్దు. బ్లేడు కాడ చెయ్యి పోతే ఆ కుటుంబానికి దిక్కు అదే. మా సంఘంలో ఒక మనిషికి నెలకి కొంత ఇచ్చి అందరి ఈఎస్ఐ, పీఎఫ్ రిటర్నులు చేయిస్తాం, ఒక్కొక్కరికి పడేది కొంచెమే, కాబట్టి కాగితాల భయంతో ఎవరూ ఎగ్గొట్టరు.

ఇంక మీ మామ భయం. పార్టీలను లాక్కుంటారా? లాక్కునేవాడు సంఘంలో చేరకపోయినా లాక్కుంటాడు, నీ గేటు ముందు నిలబడ్డ లారీ నంబరు చూస్తే చాలు ఎక్కడికి పోతుందో తెలిసిపోతది. కానీ ఆయన మాటలో కొంత నిజం ఉంది కాబట్టి జాగ్రత్త చెప్తా. నీ కొనుగోలుదారు పేరు, నువ్వు ఇచ్చే రేటు, గని వాళ్ళతో నీ ఒప్పందం, ఇవి మీటింగులో చెప్పాల్సిన పని లేదు, ఎవరూ అడగకూడదు కూడా.

అసలు అమ్మకం రేటు గురించి మాట్లాడే సంఘం అయితే దూరంగా ఉండు. అందరం చదరపు అడుగు ఇంతకు తగ్గకుండా అమ్ముదాం, ఫలానా ఏరియా నీది ఫలానా ఏరియా నాది అని తీర్మానం చేసుకోవడం కాంపిటీషన్ చట్టం ప్రకారం నేరుగా తప్పు. 2012లో సిమెంటు కంపెనీల మీద, వాళ్ళ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ మీద కలిపి కాంపిటీషన్ కమిషన్ దాదాపు 6,300 కోట్ల పెనాల్టీ వేసింది, ఆ కేసు కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచింది. మనం చిన్నోళ్ళం కదా మనల్ని ఎవరు చూస్తారు అనుకోవడానికి లేదు, చట్టం సైజు చూడదు. మా దగ్గర కూడా ఒకసారి ఈ ప్రతిపాదన వచ్చింది, మార్కెట్ పడిపోయి అందరూ ఏడుస్తున్న టైములో, పాపం అందరికీ అదే దారి కనపడింది, పెద్దాయన ఒకాయన లేచి ఈ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కితే నేను బయటికి పోతా అన్నాడు. అంతటితో ఆగింది. ఆయన లేకపోతే మేము పెద్ద తప్పు చేసి ఉండేవాళ్ళం.

ఇంకా చూసుకోవాల్సినవి ఉన్నాయి. సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయిందా, ఏటా జనరల్ బాడీ పెడుతున్నారా, లెక్కలు ఆడిట్ చేయించి చదివి వినిపిస్తున్నారా. ఎన్నికలు జరుగుతాయా లేక ఒకే కుటుంబం చేతిలో పదిహేనేళ్ళుగా ఉందా. ఒక రాజకీయ పార్టీ జెండా పట్టుకున్న సంఘమైతే ప్రభుత్వం మారినప్పుడల్లా దాని నోరు పడిపోతది, అట్లాంటి దాంట్లో చేరినా ఒకటే చేరకపోయినా ఒకటే. మన సీమలో ఇది ఇబ్బందికరమైన మాటే, అయినా చెప్పాల. మీటింగుకి ఎంతమంది వస్తారో కూడా కనుక్కో, 150 మంది సభ్యులుండి 12 మంది వచ్చే చోట పని నడవదు.

సంఘం చేయలేనివి కూడా ఉన్నాయి. నీ సరుకు బాగలేకపోతే అది అమ్మిపెట్టదు. నీ పర్మిట్లలో లోటుంటే, బిల్లు లేకుండా లోడు పంపి పట్టుబడితే, సంఘం వచ్చి విడిపిస్తదని ఆశ పెట్టుకోవద్దు, అట్ల విడిపిస్తామని చెప్పేవాళ్ళుంటే అది సంఘం కాదు, దళారీ పని. చందా కట్టి వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పెట్టుకుంటే కూడా ఏమీ రాదు. నేను చూసినంతలో లాభపడినోళ్ళంతా నెలకి ఒక సాయంత్రం ఇచ్చినోళ్ళే, మీటింగుకి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నా సరే, చెవులు తెరుచుకుని విన్నోళ్ళు.

కాబట్టి ఇట్ల చెయ్. ఈ నెల మీటింగ్ ఎప్పుడో కనుక్కుని చేరకముందే ఒకసారి అతిథిగా వస్తానని అడుగు, మంచి సంఘమైతే కాదనరు. పోయినేడాది ఆడిట్ రిపోర్టు, చివరి మూడు మీటింగుల మినిట్స్ చూపించమను. అందులో కరెంటు గురించో, స్లర్రీ గురించో, బకాయిల గురించో ఎవరికో రాసిన లెటర్ కాపీ ఒకటైనా ఉంటే 10,000 కట్టేయ్, రసీదు తీసుకో, కరెంట్ అకౌంట్ నుంచి చెక్కు ఇవ్వు. సన్మానాలు, శాలువాల ఖర్చులే ఉంటే ఒక ఏడాది ఆగి చూడు, లేదంటే బేతంచెర్ల వైపో ఎర్రగుంట్ల వైపో ఉన్న సంఘాల వాళ్ళను కూడా కలిసి రా. మీ మామను కూడా ఆ మీటింగుకి వెంట తీసుకుపో, వాదన పెట్టుకోకుండా పక్కన కూర్చోబెట్టు. ఉద్యమ్ ఇంకా చేసుకోకపోయి ఉంటే ఆధార్, పాన్, జీఎస్టీ నంబరు దగ్గర పెట్టుకుని ఈ రాత్రే కూర్చో, అరగంట కూడా పట్టదు, ఎక్కడన్నా ఆగితే ఇక్కడే అడుగు, చెప్తా.